ఈగ మీసం మీద ఒక్క వెంట్రుక: బెంగళూరు ప్రయాణం

కాచిగూడలో రాత్రి బండి ఎక్కితే కర్నూలు, అనంతపురం, హిందూపురం మీదుగా తెల్లారేసరికి యలహంక. ఊళ్లోకి పోయి వెనక్కి రావడం దండగ. ఇక్కడే దిగి ఆటోవాడితో "జీకేవీకే" అంటే చాలు. బళ్లారి రోడ్డు మీదున్న ఆ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఆవరణలోనే ఎన్‌సీబీఎస్, అంటే జీవశాస్త్ర పరిశోధనల జాతీయ కేంద్రం, ఉంది. వెళ్లేముందు ఎవరినైనా అడిగిపెట్టుకోవడం మంచిది.

నన్ను అంతదూరం లాక్కెళ్లింది ఆ సంస్థని నిలబెట్టిన ఒబైద్ సిద్దిఖీ పని. 1932లో ఉత్తరప్రదేశ్‌లోని బస్తీలో పుట్టి, గ్లాస్గోలో పీహెచ్‌డీ చేసి, 1962లో బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్‌లో మాలిక్యులర్ బయాలజీ విభాగం మొదలుపెట్టారు. అప్పట్లో ఆయనది బూజులు, బాక్టీరియాల జన్యుశాస్త్రం. అమెరికాలోని కాల్‌టెక్ విశ్వవిద్యాలయంలో జన్యుశాస్త్రవేత్త సీమోర్ బెంజర్‌తో పనిచేశాక ఈగల మీదికి మళ్లారు. మగ్గిన అరటిపండు చుట్టూ ముసురుతుందే, ఆ నలుసంత డ్రోసోఫిలా.

వాళ్లిద్దరూ 1976లో పేపరు రాసిన, జన్యువు చెడిన ఈగల్లో 'పారా' రకాన్ని తప్పక చూడాలి. సీసాని 29 డిగ్రీలు దాటిన నీళ్లలో ముంచితే సెకన్లలో కుప్పగా పడిపోతాయి. చల్లబరిస్తే అంతే వేగంగా లేచి పాకుతాయి. చెడింది నాడి సంకేతాలకి దారి ఇచ్చే సోడియం చానల్ జన్యువని తర్వాత తేలింది.

వాసన సంగతి ఇంత తేలిగ్గా తేలదు. సిద్దిఖీ, ఆయన శిష్యురాలు వెరోనికా రోడ్రిగ్స్ కలిసి 1970ల చివర్లో వాసన, రుచి సరిగా పట్టని ఈగల్ని ఏరారు. అయితే వాసనవైపు వెళ్లని ఈగకి తలమీద వాసన పట్టే మీసం (యాంటెన్నా) చెడిందా, మెదడు చెడిందా, కాళ్లే చెడ్డాయా? నడక చూసి చెప్పలేం. మీసం సంగతి తేల్చాలంటే నాడి విద్యుత్తుని పట్టే ఎలక్ట్రోడ్ పెట్టాల్సిందే.

అది ఒక మిత్రుడి ల్యాబ్‌లో దగ్గరుండి చూశాను. ఈగలకి మేత మొక్కజొన్న పిండి, పంచదార, ఈస్ట్, గడ్డకట్టించే అగర్ వేసి ఉడికించిన సంకటే. బూజు పట్టకుండా వేసే ప్రొపియోనిక్ ఆమ్లాన్ని కాస్త చల్లారాకే కలపాలి, వేడిమీద పోస్తే ఆవిరై కళ్లు మండుతాయి. 25 డిగ్రీల దగ్గర గుడ్డు ఈగ కావడానికి పది రోజులు. రికార్డింగ్‌కి మూడు నుంచి ఏడు రోజుల వయసు ఆడ ఈగ బాగుంటుంది.

మత్తు ఇవ్వరు. 200 మైక్రోలీటర్ల పిపెట్ టిప్ కొన కోసి, తల మాత్రం బయటికొచ్చేలా ఈగని లోపలికి తోస్తారు. ఎక్కువ తోస్తే కళ్లు నలుగుతాయి, తక్కువైతే ముందుకాళ్లు బయటికొచ్చి ఎలక్ట్రోడ్‌ని లాగేస్తాయి. మీసాన్ని కవర్‌స్లిప్ మీద ఆనించి, సన్నని గాజు కేశనాళికతో నొక్కిపెట్టాలి. ఒక ఎలక్ట్రోడ్ కంట్లోకి, రెండోది మీసం మీది ఒక్క వెంట్రుకలోకి. రెండో దాని మొన మైక్రాను దాటితే వెంట్రుక వంగుతుందే తప్ప గుచ్చుకోదు. గుచ్చుకున్న క్షణం స్పీకర్లో పేలాలు వేగినట్టు టపటప మొదలవుతుంది, ఒక్కో టప్పూ నాడి పంపే ఒక సంకేతం.

మొదలవకపోతే ముందు కరెంటు లైన్ల నుంచి వచ్చే 50 హెర్ట్జ్ గురగుర ఉందేమో చూడాలి. ఎర్త్ తీగ ఒక్కచోటే కలపాలి, రెండు చోట్ల కలిపితే గురగుర పెరుగుతుంది. లయగా ఊగే గీత వస్తే నాడి కాదు, కండరం కదులుతోంది. ఈగని మార్చేయడమే మేలు.

వాసన పెట్టేటప్పుడు ఇంకో చిక్కు. పారఫిన్ నూనెలో వందో వంతుగా కలిపిన వాసన పదార్థం పది మైక్రోలీటర్లు వడపోత కాగితం మీద వేసి, గాజు గొట్టంలో పెట్టి, అరసెకను గాలి ఊదుతారు. మీసం మీద తడిగాలి ఆగకుండా వీస్తూనే ఉండాలి, ఎండితే నాడి మూగబోతుంది. రబ్బరు గొట్టం నిన్నటి వాసన ఇవాళ కక్కుతుంది, అందుకే టెఫ్లాన్. ఉత్త నూనె ఊదడం మాత్రం ఎప్పుడూ మానకూడదు. దానికీ టపటప పెరిగితే అది వాసనకి స్పందన కాదు.

మొదట గుచ్చిన వెంట్రుక ఏబీ1 రకం, లోపల నాలుగు నాడీకణాలు. అందులో ఒకటి కార్బన్ డయాక్సైడ్‌కి స్పందిస్తుంది. ఊదే గొట్టం ఇంకా తాకలేదు, చప్పుడు మాత్రం ఉన్నట్టుండి గలగలమని పెరిగింది. మిత్రుడు వెనక్కి తిరగకుండానే "ఊపిరి పక్కకి వదులు" అన్నాడు. తల తిప్పాను. కాసేపటికి తగ్గింది.