డిజైన్ పనికి బటన్ల మౌస్: నేను ఎలా ఎంచుకున్నానంటే

తిరుపతిలో ఒక ఫ్లెక్సులు, పెళ్లి కార్డుల షాపులో డిజైనర్‌ని. పొద్దున షట్టర్ తీసింది మొదలు కోరల్ డ్రా (బొమ్మలు, అక్షరాలు పేర్చి డిజైన్ చేసే ప్రోగ్రామ్), మధ్యమధ్యలో ఫోటోషాప్. పాత మౌస్ ఒకసారి నొక్కితే రెండు క్లిక్కులు పడుతుంటే, ఎలాగూ కొత్తది కొనాలి కదా, బటన్లకు మనకు కావాల్సిన షార్ట్‌కట్లు పెట్టుకునే రకం తీసుకుందాం అనుకున్నా. చూడటం మొదలుపెట్టాక తల తిరిగిపోయింది. ఒకదానికి పన్నెండు బటన్లు పక్కనే, ఇంకోదానికి 25,600 డీపీఐ, రంగురంగుల లైట్లు వేరే. డీపీఐ అంటే మౌస్ కొంచెం జరిపితే తెర మీద బాణం ఎంత దూరం పోతుందో చెప్పే లెక్క, ఆ గొడవ మాత్రం మనకు అక్కర్లేదు. వెయ్యి, పదహారు వందలు ఉంటే ఫ్లెక్స్ పనికి దండిగా సరిపోతుంది.

అందుకే మౌసులు చూడటం ఆపేసి నా చేతుల్ని చూసుకున్నా. కీబోర్డు పక్కన ఒక పాత కార్డు పెట్టుకుని, కుడి చేయి మౌస్ వదిలి కీబోర్డు మీదికి పోయిన ప్రతిసారీ ఏ కీ కోసం పోయిందో రాసుకున్నా. కంట్రోల్ జెడ్ (అన్‌డూ, అంటే చేసింది వెనక్కి తీసుకోవడం), కంట్రోల్ జి (గ్రూపు చేయడం) లాంటివి అందులో లేనే లేవు, ఎందుకంటే అవి ఎడమ చేతి కింద ఉన్నాయి, దాని పాటికి అది కొట్టేస్తుంది. అందరూ మౌస్ బటన్‌కి ముందు అన్‌డూ పెట్టుకోమంటారు గానీ నాకైతే అది బటన్ దండగ. కార్డు నిండా ఉన్నవి డిలీట్, నంబర్ ప్యాడ్‌లోని ప్లస్ (ఉన్నచోటే కాపీ తీస్తుంది), గ్రూపు విడగొట్టే కంట్రోల్ యు, కలిసిపోయిన గీతల్ని విడదీసే కంట్రోల్ కె, అన్నిటికంటే ఎక్కువగా బొమ్మని అన్నిటికంటే ముందుకి తెచ్చే షిఫ్ట్ పేజ్ అప్, అన్నిటికంటే వెనక్కి నెట్టే షిఫ్ట్ పేజ్ డౌన్.

ఈ పేజ్ అప్ కథ ఫ్లెక్స్ డిజైనర్లకు చెప్పక్కర్లేదు. నాయకుడి పుట్టినరోజు బ్యానర్ అంటే కింద వరసగా గుండ్రటి ఫోటోల్లో అనుచరులు, ఒకరి భుజం మీద ఇంకొకరి అంచు. వెనకాల కుర్చీ వేసుకుని కూర్చున్నాయన "సామీ, మా అన్న ఫోటో ముందుకు తే" అంటాడు, షిఫ్ట్ పేజ్ అప్. ఇంతలో ఫోన్ వస్తుంది, "కాదంట సామీ, ఆయన్ని కొంచెం వెనక్కి పెట్టు", కంట్రోల్ పేజ్ డౌన్. ఒక్కో బ్యానర్‌కి ఈ తంతు ఎన్నిసార్లో లెక్కే ఉండదు, ప్రతిసారీ చేయి అటు పోయి ఇటు రావాలి.

లిస్టు చేతికొచ్చాక నాకు కావాల్సింది ఆరేడు బటన్లే అని తేలింది. చెన్నై పని పడినప్పుడు సప్తగిరి రైల్లో పోయి, అక్కడి ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో రెండు మూడు షాపుల్లో చేత్తో పట్టి చూశా. పన్నెండు బటన్ల రకం బొటనవేలి దగ్గర ఫోన్ కీప్యాడ్‌లా ఉంటుంది. ఆటలకు బాగుంటుందేమో గానీ, మనం ఎఫ్10 నొక్కి నోడ్‌లు (గీత వంపు మార్చే చుక్కలు) లాగేటప్పుడు మౌస్‌ని గట్టిగా పట్టేది ఆ వేలితోనే కదా. లాజిటెక్ ఎంఎక్స్ మాస్టర్ 3ఎస్ చేతిలో హాయిగా ఉంది, పక్కకు జరిపే చక్రం కూడా ఉంది, కానీ దాని షార్ట్‌కట్లన్నీ కంప్యూటర్లో వేసే సాఫ్ట్‌వేర్ మీద నడుస్తాయి. మా షాపులో ఏ సిస్టమ్ ఖాళీగా ఉంటే ఆ సిస్టమ్ మీద కూర్చోవాలి, ఏది ఇన్‌స్టాల్ చేయాలన్నా ఓనర్‌ని అడగాలి. దాంతో అది పక్కకు పోయింది.

చివరికి లాజిటెక్‌దే జీ502 హీరో తీసుకున్నా. వైరుది, 121 గ్రాములు, బరువు తెలుస్తుంది. పదకొండు బటన్లకు మన సెట్టింగు పెట్టుకోవచ్చు, ఐదు ప్రొఫైళ్ల (బటన్ల సెట్టింగుల జాబితాల) దాకా మౌస్ మెమరీలోనే ఉంటాయి. ఇంట్లో జీ హబ్ అనే లాజిటెక్ సాఫ్ట్‌వేర్‌లో సెట్ చేసుకుని షాపుకి తెచ్చి ఏ సిస్టమ్‌కి గుచ్చినా అవే షార్ట్‌కట్లు పనిచేస్తున్నాయి. చక్రాన్ని కుడి ఎడమలకు నొక్కితే ఫోటో ముందుకీ వెనక్కీ పోతుంది, బొటనవేలి దగ్గర డిలీట్, ప్లస్. పవర్‌క్లిప్‌లో పెట్టే (ఫోటోని గుండ్రం లాంటి ఆకారం లోపల ఇమిడ్చే) కమాండ్‌కి మామూలుగా షార్ట్‌కట్ ఉండదు, కోరల్‌లోనే టూల్స్, కస్టమైజేషన్‌లోకి పోయి ఒకటి ఇచ్చి దాన్నే మౌస్‌కి ఎక్కించా.

ఒక్క చిక్కు ఫోటోషాప్‌తో. కంట్రోల్ యు కోరల్‌లో గ్రూపు విడగొడుతుంది, ఫోటోషాప్‌లో అదే నొక్కితే రంగులు మార్చే హ్యూ శాచురేషన్ పెట్టె తెరుచుకుంటుంది. కంట్రోల్ క్యూ ఇంకా అన్యాయం, కోరల్‌లో అక్షరాల్ని కర్వ్స్‌గా (మామూలు గీతలుగా) మారుస్తుంది, ఫోటోషాప్‌లో ప్రోగ్రామ్‌నే మూసేస్తుంది. సాఫ్ట్‌వేర్ నడుస్తుంటే ఏ ప్రోగ్రామ్‌కి ఆ ప్రొఫైల్ దానంతట అదే మారుతుంది, మౌస్ మెమరీతో వాడితే మాత్రం మనమే మార్చుకోవాలి. అందుకని చక్రం వెనక బటన్‌ని ప్రొఫైల్ మార్చడానికే వదిలేశా.

మా షాపులో ఇంకో తమ్ముడు ఎడమచేతి వాటం. జీ502 కుడి చేతికే చేసింది, అతనికి పనికిరాదు, రెండు వైపులా ఒకేలా ఉండే రకం చూస్తున్నాడు. నాలాగే అతనూ కార్డు మీద రాసుకున్నాడు, మౌస్ ఎడమ చేతిలో ఉంటుంది కాబట్టి లిస్టు పూర్తిగా తిరగబడింది. పేజ్ అప్, డిలీట్ అందులో లేనే లేవు, అన్నిటికంటే పైన ఉన్నవి కంట్రోల్ జెడ్, కంట్రోల్ జి.