రెండు హౌసింగ్ బోర్డుల మధ్య

నేను పెరిగింది కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలోని ఎల్‌ఐజీ ఇంట్లో. నాన్నగారు నెలనెలా వాయిదాలు కట్టి సొంతం చేసుకున్న ఆ ఇంటి మీద తరువాత రెండంతస్తులు లేచాయి. ఇప్పుడు పై భాగమంతా హాస్టల్ వారిది, ఆ అద్దెతోనే అమ్మానాన్నల ఖర్చులు గడుస్తున్నాయి. మూడేళ్ల కిందట నాన్నగారు గిఫ్ట్ డీడ్ రాసి ఇంటిని నా పేర రిజిస్టర్ చేయించారు.

సింగపూర్‌లో నా ఉద్యోగానికి పదకొండేళ్లు నిండాయి. అక్కడా హౌసింగ్ బోర్డు ఉంది. 1960లో ఏర్పడిన ఆ హెచ్‌డీబీ కట్టిన ఫ్లాట్లలోనే నాలుగింట మూడొంతుల మందికి పైగా కాపురం ఉంటున్నారు. అయితే సబ్సిడీతో వచ్చే కొత్త ఫ్లాటు కొనాలంటే దంపతులలో ఒక్కరైనా ఆ దేశ పౌరులై ఉండాలి. నా భార్యా నేనూ ఇద్దరం పీఆర్‌లమే, అంటే పౌరసత్వం లేని శాశ్వత నివాసులమే కనుక, ఆ హోదా వచ్చి మూడేళ్లు దాటాక, ఒకరు వాడిన ఫ్లాటును రీసేల్‌లో బ్యాంకు అప్పుతో కొనుక్కోవాలి, గ్రాంటు రాదు. అయినా కాండో (ప్రైవేటు అపార్ట్‌మెంటు) ధరతో పోల్చితే అది ఎంతో తక్కువ. అదనపు స్టాంపు డ్యూటీ పీఆర్‌లకు మొదటి ఇంటి మీద ఎటు తిరిగినా 5 శాతమే. వర్క్ పాస్ మీద పనిచేసే విదేశీయులకు 2023 ఏప్రిల్ నుంచి అది 60 శాతం.

సెంగ్‌కాంగ్‌లో ఒక ఫోర్ రూమ్ ఫ్లాటు చూశాం. అక్కడ ఫోర్ రూమ్ అంటే మూడు పడకగదులు, హాలు కూడా ఒక గది కిందే లెక్క. వంటింట్లో గాలి బాగా ఆడుతోంది, మా వాడి బడి రోడ్డు దాటితే వస్తుంది. నా భార్య అక్కడే నిలబడి పొయ్యి ఎక్కడ, పప్పుల డబ్బాలు ఎక్కడ అని సర్దేసుకుంది. సాయంత్రానికి ఏజెంటు నుంచి మెసేజ్ వచ్చింది: 1989 నుంచి అమలులో ఉన్న జాతుల కోటా ప్రకారం ఆ బ్లాకులో భారతీయుల వాటా నిండిపోయిందట, అమ్మేది చైనీయులు కాబట్టి మాకు అమ్మడం కుదరదట. అదే బ్లాకులో అమ్మదలచిన భారతీయ కుటుంబాన్ని వెతుకుతానన్నాడు, వెతికాడు కూడా.

కోటా దాటినా అసలు చిక్కు వేరే ఉంది. పీఆర్‌లు హెచ్‌డీబీ ఫ్లాటు కొంటే విదేశంలో ఉన్న ఇంటిని వదులుకోవాలి. కాండోకు ఆ నిబంధన లేదు. కొన్న ఫ్లాటును ఐదేళ్లు అమ్మకూడదన్నా, మొత్తంగా అద్దెకు ఇవ్వకూడదన్నా మాకు అభ్యంతరం లేదు, ఉండటానికే కదా కొనేది. కానీ కూకట్‌పల్లి ఇల్లు అమ్మడమంటే నాన్నగారి నెల ఆదాయాన్ని అమ్మడం. చిన్నదైనా కాండోయే మేలని నాకు అనిపిస్తోంది, నా భార్య ఒప్పుకోవడం లేదు.

సెలవు మీద వచ్చి వారమైంది. నిన్న నాన్నగారు అరుగు మీద కూర్చుని, “అక్కడా బోర్డు ఇళ్లేనటగా, భయం లేదురా, తీసేసుకో” అన్నారు. ఆ నిబంధన సంగతి ఆయనకు ఇంకా చెప్పలేదు.