విన్నెబాగో ఐస్ మీద స్టర్జన్ వేట

ఫిబ్రవరి రెండో శనివారం ఉదయం ఏడు గంటలకి విస్కాన్సిన్‌లోని విన్నెబాగో లేక్ మీద స్టర్జన్ చేపల వేట మొదలవుతుంది. గాలంతో కాదు, వలతో కాదు, బల్లెంతో. ఐస్‌లో మంచమంత కన్నం కోసి, దాని మీద కిటికీలు లేని చెక్కగది పెట్టుకుని, చీకట్లో కూర్చుని నీళ్ళలోకి చూస్తూ ఉంటారు, చేప కింద నుంచి వెళ్తే బల్లెం వదులుతారు. మిల్వాకీ వచ్చినప్పటి నుంచీ దీని గురించి వింటున్నాను, మా ఆఫీసులో ఒకాయన ఏటా ఆ వారం సెలవు పెట్టేస్తాడు, ఈసారి మా నాన్నతో కూర్చుందువుగాని రా అంటే వెంటనే సరే అన్నాను. చికాగో నుంచి మా బావ కూడా వచ్చాడు. మా ఇద్దరిదీ రాజోలు వైపు, చేపల సంగతి అంటే ఆగలేం.

లైసెన్సు అక్టోబర్ 31 లోపల కొనుక్కోవాలి. మాకు లేదు కాబట్టి బల్లెం ముట్టుకోకూడదు, కూర్చుని చూడొచ్చు.

లేక్ మీదకి ట్రక్కులోనే వెళ్ళాం. ఐస్ మీద దారి తెలియడానికి పండగ అయిపోయాక పారేసిన క్రిస్మస్ చెట్లని వరసగా పాతుతారు, ఐస్ పగిలిన చోట్ల అక్కడి ఫిషింగ్ క్లబ్బుల వాళ్ళు చిన్న వంతెనలు వేస్తారు. పెద్దాయన, అంటే మా ఆఫీసాయన నాన్న, ఎక్కగానే అద్దాలు దించేసి సీటు బెల్టులు తీసేయమన్నాడు, ట్రక్కు మునిగితే బయటపడటానికి. మా బావకి అక్కడే టెన్షన్ మొదలైంది, "మనం ఒడ్డున ఉండి చూద్దాం రా" అని నా చెవిలో అంటూనే ఉన్నాడు.

గది లోపల అంతా నలుపు. వెలుతురు నీళ్ళలోంచే వస్తుంది, ఆకుపచ్చగా, ఐస్ మీద పడ్డ ఎండ కింద నుంచి తిరిగి పైకి వస్తున్నట్టు. ఈ లేక్ చాలా పెద్దది, లక్షా ముప్పై వేల ఎకరాల పైమాటే, కానీ లోతు ఎక్కడా 21 అడుగులు దాటదు కాబట్టి నీళ్ళు తేటగా ఉన్న ఏడాది అడుగు కనబడుతుంది. అడుగు తెల్లగా కనబడాలని కొందరు గుడ్డు పెంకులూ మొక్కజొన్న గింజలూ చల్లుతారట. పెద్దాయన మాత్రం తెల్లటి పైపు ముక్క ఒకటి వేశాడు, సరిగ్గా 36 అంగుళాలు కోసినది. పట్టుకోవడానికి అనుమతి ఉన్న కనీస పొడవు అదే. రంగులేసిన చెక్క చేపని తాడుకి కట్టి నీళ్ళలో ఆడిస్తూ ఉంటాడు, అది చూడ్డానికి స్టర్జన్ వస్తుందని.

గంటలు గడిచాయి. మాటలు తక్కువ. ఒక్కసారి పొడవాటి నీడ ఒకటి పైపు పక్కనుంచి మెల్లగా వెళ్ళింది, నేనూ బావా ఊపిరి బిగబట్టాం, ఆయన చెయ్యి బల్లెం మీదకి వెళ్ళి ఆగిపోయింది. ఎందుకు వదిలేశారని అడిగాను. పైపుతో పోల్చితే సరిగ్గా తేలలేదు, అనుమానం వచ్చిన చేపని నేను కొట్టను, గాలానికి పడిందాన్ని కొలిచి మళ్ళీ నీళ్ళలో వెయ్యొచ్చు, బల్లెం దిగిందాన్ని ఏం చేస్తావు అన్నాడు. అక్కడ పది మందిలో ఒకరిద్దరికే చేప దొరుకుతుంది, ఏళ్ళ తరబడి ఒక్కటి కూడా చూడకుండా కూర్చునేవాళ్ళున్నారు. అలాంటి చోట చేతిలో బల్లెం పెట్టుకుని వదిలేయడం చిన్న విషయం కాదు.

ఒంటిగంటకి వేట ఆపేయాలి. చేప దొరికినవాళ్ళు రెండింటి లోపల రిజిస్ట్రేషన్ దగ్గరకి తీసుకెళ్ళి చూపించాలి. మేం ఖాళీ చేతులతోనే అక్కడికి వెళ్ళాం, అసలు చూడాల్సింది అక్కడే ఉందన్నాడు పెద్దాయన. ఒడ్డున ఒక హోటల్ ముందర పెద్ద గుంపు, పిల్లలు, బీరు గ్లాసులు. రాష్ట్ర ప్రభుత్వ సిబ్బంది ఒక్కో చేపనీ తూకం వేసి, టేపుతో కొలిచి, పొట్ట కోసి ఆడదో మగదో, గుడ్లు ఏ దశలో ఉన్నాయో చూసి రాసుకుంటున్నారు. అందరి ముందే. ఇప్పటిదాకా రికార్డు 2010లో పడిన 212.2 పౌండ్ల చేపదట, అంటే 96 కేజీలు.

ఒకావిడ తెచ్చిన చేప వంద పౌండ్లు దాటింది. ఒంటి మీద ఎముక పలకలు వరసగా, మూతి ముందు నాలుగు మీసాలు, పళ్ళు లేని నోరు. పొట్ట కోయగానే నల్లటి జన, అంటే గుడ్ల ముద్ద, బకెట్లోకి జారింది. గుంపు ఒక్కసారిగా కేరింతలు కొట్టింది. నాకు ఆ కేరింతలు నచ్చలేదు. నల్ల జన అంటే ఆ చేప ఈ ఏప్రిల్‌లోనే వోల్ఫ్ నది పైకి వెళ్ళి గుడ్లు పెట్టాల్సింది. ఆడ స్టర్జన్‌కి మొదటిసారి గుడ్లు రావడానికే ఇరవై ఏళ్ళ పైన పడుతుంది, తర్వాత కూడా ఏటా పెట్టదు, మూడు నుంచి ఐదేళ్ళకోసారి.

మా పక్కన నిలబడ్డ గ్రీన్ బే కుర్రాడు ఆ మాటే పైకి అనేశాడు. తను గాలం వేస్తాడు, పట్టిన ప్రతి చేపనీ వదిలేస్తాడు. వందేళ్ళు బతకగలిగిన జీవాన్ని ఫొటో కోసం చంపుతారా అన్నాడు. ఆవిడ కోపం తెచ్చుకోలేదు. ఫొటో కోసం కాదు, మేం పొగబెట్టి ఏడాది పొడుగునా తింటాం, పైనుంచి చూస్తే ఆడో మగో ఎవరికీ తెలీదు, అందుకే గుడ్డుకొచ్చిన ఆడవాటికి ఒక లెక్క, ఎదగని ఆడవాటికి ఒక లెక్క, మగవాటికి ఒక లెక్క పెట్టారు, ఏ ఒక్కటి నిండినా సీజన్ ఆగిపోతుంది, నా చేప ఆ లెక్కలో పడింది, నువ్వు వదిలిన చేప తర్వాత బతికిందో చచ్చిందో ఎక్కడ రాశారు అంది. కుర్రాడు తగ్గలేదు. లెక్క ఉన్నంత మాత్రాన అంత పెద్ద తల్లిచేపల్నే కోరుకునే పిచ్చి తప్పు కాకుండా పోతుందా, వంద పౌండ్లు దాటితేనే బోర్డు మీద పేరు రాస్తారేం అన్నాడు. దానికి మా పెద్దాయన కూడా తల ఊపాడు. నా మటుకు నాకు ఇద్దరూ నిజమే చెప్పారనిపించింది, కానీ ఆవిడ అడిగిన ప్రశ్నకే జవాబు కష్టం.

ఆ లెక్క ఊరికే రాలేదు. 19వ శతాబ్దంలో వలలు చింపేస్తుందని ఈ చేపని చంపి ఒడ్డున కట్టెల్లా పేర్చేవాళ్ళు, స్టీమర్లలో పొయ్యికి కూడా వేశారు, తర్వాత దాని జనకి రేటు తెలిసి మిగిలినవీ ఊడ్చేశారు. 1915లో విస్కాన్సిన్‌లో వేట మొత్తం ఆపేశారు, విన్నెబాగోలో మళ్ళీ తెరిచింది 1930ల మొదట్లో. 1977లో వేటగాళ్ళే 'స్టర్జన్ ఫర్ టుమారో' అని సంఘం పెట్టుకుని పరిశోధనకి డబ్బు పోగుచేశారు. పెద్ద చేపల్లో వందకి ఐదు మించి తీయకూడదన్న పరిమితి మీదే ఇప్పటి వేట నడుస్తోంది. ఏప్రిల్‌లో చేపలు వోల్ఫ్ నది ఒడ్డున రాళ్ళ మధ్య గుడ్లు పెట్టేటప్పుడు దొంగలు ఎత్తుకుపోకుండా మామూలు జనం వంతులేసుకుని రాత్రీ పగలూ కాపలా కాస్తారు. జన అమ్మడం నేరం. కేవియార్ (ఉప్పులో ఊరేసిన జన) ఇచ్చిపుచ్చుకున్నారని కొన్నేళ్ళ క్రితం కేసులు కూడా నడిచాయి. 2024లో లేక్ స్టర్జన్‌ని అంతరించే జాతుల చట్టం కింద చేర్చనక్కర్లేదని కేంద్రప్రభుత్వం తేల్చినప్పుడు ఈ ఊళ్ళన్నీ ఊపిరి పీల్చుకున్నాయని పెద్దాయన చెప్పాడు.

అయితే ఆయన చెప్పనిది ఒకటుంది, అక్కడ పనిచేసే ఒక అమ్మాయి చెప్పింది. వోల్ఫ్ నది ఎగువన మెనామిని తెగ వాళ్ళకి వసంతంలో వచ్చే స్టర్జనే పండగ. కింద షవానో దగ్గర డ్యామ్ కట్టాక చేప వాళ్ళ దాకా రాలేదు, తరాల పాటు. ఇప్పుడు చేపల్ని పట్టి డ్యామ్ పైకి తీసుకెళ్ళి వదులుతున్నారు. ఎవరెన్ని పట్టాలి అనే వాదనలో, ఎవరికి అసలు రాకుండా పోయింది అన్నది కూడా ఉండాలి కదా.

ఇది వింటుంటే మాకు ధవళేశ్వరం గుర్తురాక తప్పదు. కాటన్ ఆనకట్ట 1852కి పూర్తయింది, సముద్రం నుంచి గుడ్లు పెట్టడానికి ఎదురీదుకుంటూ వచ్చే పులసకి దారి అక్కడ ఆగింది. పుస్తెలమ్మైనా పులస తినాలి అని చెప్పుకుంటాం, కేజీ ఇన్ని వేలకి పాడారని పేపర్లో వేస్తాం, జన ఉన్న పులసకి ఇంకా ఎక్కువ ఇస్తాం. సముద్రంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం ఉంది, మంచిదే, కానీ పులస నదిలోకి వచ్చేది ఆ తర్వాత, గోదావరికి వరద నీళ్ళు వచ్చాక.

తిరుగు ప్రయాణంలో దీని మీదే బావకీ నాకూ పడింది. పులస వేట కొన్నేళ్ళు పూర్తిగా ఆపేయాలన్నాడు బావ. ఆపితే బెస్తవాళ్ళు ఏం తినాలి, తినేవాళ్ళ మీద లేని నిషేధం పట్టేవాళ్ళ మీద ఎందుకు, ముందు ఎన్ని పడుతున్నాయో, ఎంత సైజువి పడుతున్నాయో ప్రతి రేవులో రాయాలి, అప్పుడు మాట్లాడుకోవచ్చు అన్నాను. "రాస్తే ఎవడు చూస్తాడు బావా?" అన్నాడు. విన్నెబాగోలో బకెట్ చుట్టూ నిలబడ్డ జనమంతా చూశారు కదా అన్నాను.

ఫాండ్ డు లాక్ దాటాక యానాంలో చేపల వ్యాపారం చేసే మా చిన్నాన్నకి స్పీకర్లో ఫోన్ చేశాం, అక్కడ తెల్లారింది. అంతా విన్నాడు.

"పులసని ముందే కోస్తే ఎవరు కొంటార్రా, కోయడం కుదరదు. బరువు, పొడుగు రాసుకోండి. జన ఉందో లేదో పొట్ట మీద వేలేస్తే మాకు తెలిసిపోద్ది, అది నేను చెప్తాను. ఎర్రనీరు దిగాక రండి, పుస్తకం మీరే తెచ్చుకోండి" అన్నాడు.

ఆగస్టుకి టికెట్లు చూస్తున్నాం.