పాత చర్చికి కొత్త ముఖం

ఫ్రాన్స్‌లోని లీల్ నగరంలో ఉన్న నోత్ర్ దామ్ ద లా త్రేయ్ కథీడ్రల్ ఫొటోలను కొన్నాళ్లుగా ముందు పెట్టుకుని చూస్తున్నాను. 1854లో గోతిక్ పద్ధతిలో, అంటే మొనదేలిన కోసు కమానులుండే మధ్యయుగపు ఐరోపా శైలిలో, మొదలైన ఆ కట్టడం నిధులు చాలక ఆగుతూ సాగుతూ వచ్చి, చివరికి ముందువైపు తాత్కాలికపు గోడతోనే దశాబ్దాలపాటు నిలిచిపోయింది. వాస్తుశిల్పి పియర్ లూయీ కార్లియే, ఇంజనీరు పీటర్ రైస్ రూపకల్పనతో 1999లో పూర్తయిన కొత్త ముఖభాగంలో గోతిక్ నుంచి తీసుకున్నది ప్రధానంగా ఒక పెద్ద కోసు కమాను మాత్రమే. ఆ కమాను నిండా 28 మిల్లీమీటర్ల మందమున్న చలువరాతి పలకలను లోహపు చట్రానికి బిగించారు.

పగటిపూట బయటినుంచి చూస్తే అది బోసిగానే కనిపిస్తుంది. ఆ మాట దాచను. లోపలినుంచి తీసిన ఫొటోలో మాత్రం బొటనవేలి వెడల్పును కాస్త మించిన ఆ రాతిగుండా ఎండ వడగట్టినట్లు దిగి, గోడంతా నారింజ ఛాయలో వెలుగుతూ ఉంటుంది. ప్రార్థనకు వచ్చినవారు కూర్చునేది లోపలే కాబట్టి, నాకు ఈ ఎంపిక సరైనదనిపిస్తుంది.

పాత కట్టడానికి కొత్తకాలపు ముఖం పెట్టడం ఈనాటి దుస్సాహసమేమీ కాదు. ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో ఉన్న శాంటా మరియా నొవెల్లా చర్చికి పదిహేనో శతాబ్దపు వాస్తుశిల్పి ఆల్బెర్టీ పైభాగాన్ని కట్టేనాటికి, కింద మధ్యయుగపు కోసు కమానులు అప్పటికే ఉన్నాయి. ఆయన వాటిని తొలగించలేదు, వాటిలా నటించనూ లేదు. తెలుపు, ఆకుపచ్చ రాళ్ల వరుసను కొనసాగిస్తూనే పైన తన కాలపు త్రికోణ శిఖరాన్ని నిలిపి, పక్క నడవల ఏటవాలు కప్పులు కనబడకుండా రెండువైపులా పెద్ద చుట్టలు తిప్పారు. దాని నుదుటిమీద దాత పేరుతోపాటు 1470వ సంవత్సరం కూడా చెక్కి ఉంది. అదే నగరపు ప్రధాన కథీడ్రల్ ముఖభాగం 1887లో పూర్తయినా, మధ్యయుగపు పనిలా కనిపించేటట్లు కట్టారు. ఎంత అందంగా ఉన్నా, ఆ పోలిక నన్ను ఇబ్బంది పెడుతుంది. తప్పనిసరిగా చేర్చే కొత్త పని పాత కూర్పునుంచి వేరుగా తెలియాలనీ, దానిపై తన కాలపు ముద్ర ఉండాలనీ పాత కట్టడాల పరిరక్షణకు రాసుకున్న అంతర్జాతీయ నియమావళి, 1964 నాటి వెనిస్ చార్టర్, చెప్పింది కూడా ఇందుకే.

ఇక ఫ్లోరెన్స్‌లోనే ఉన్న శాన్ లొరెంజో చర్చికి మైకెలాంజెలో తలపెట్టిన ముఖభాగం కొయ్య నమూనా దగ్గరే ఆగింది, గరుకు రాళ్ల గోడ నేటికీ అలాగే ఉంది. దాన్ని అలాగే ఉంచాలన్నది నా కోరిక.

అయితే శైలి గురించి జరిగినంత చర్చ పాత గోడకూ కొత్త ముఖానికీ మధ్య అతుకు గురించి జరగదు, నా దిగులంతా అక్కడే. సున్నంతో కట్టిన పాత గోడ చెమ్మను పీల్చుకుని మళ్లీ బయటికి వదులుతుంది. దానికి సిమెంటు గార ఆనిస్తే చెమ్మ లోపలే చిక్కుకుని, ఉప్పు పేరుకుని, రాయి పొరలు పొరలుగా రాలుతుంది. శతాబ్దాల కిందటే కుదురుకున్న పాత పునాది పక్కన కొత్త పునాది కొద్దిగా దిగినా గోడ బీటలు వారుతుంది కనుక, కొత్త ముఖం తన బరువు తానే మోసుకోవాలి, రెంటి మధ్య కాస్త సందు ఉండాలి. ఎక్కడైనా పట్టు తప్పనిసరైతే, మేకును రాతిలోకి కాక రాళ్ల మధ్యనున్న సున్నపు సందులోకే దించాలి. రేపు ఎవరైనా దాన్ని తీసేసినా సందును మళ్లీ సున్నంతో పూడ్చవచ్చు, పాత రాయికి చిల్లు మిగలదు.