“ఐదు” అన్నాను, అక్కడే తప్పు చేశాను

మెట్ల మీద కాలు జారి పడబోతూ కుడిచెయ్యి నేలకి ఆన్చాను. ఒంటి బరువంతా దాని మీదే పడింది. లేచి చూసుకుంటే మణికట్టు దగ్గర చెయ్యి వంకర తిరిగి ఉంది.

ఎమర్జెన్సీలో సిస్టర్ అడిగింది, “సున్నా నుంచి పది వరకు లెక్కేస్తే నొప్పి ఎంతుంది?” పక్క మంచం మీద తల పగిలినాయన ఉన్నాడు. నేను తొమ్మిదంటే అతి చేస్తున్నాననుకుంటారేమోనని “ఐదు” అన్నాను. ఆవిడ అదే రాసుకుంది.

తర్వాత ఉంగరం తీసేయమంది. వాపు పెరిగితే కత్తిరించాల్సి వస్తుందట. సబ్బునీళ్లు రాసి వేలి చుట్టూ మెల్లగా తిప్పుతూ లాగింది. కణుపు దగ్గర ఆగిపోయింది. ఆ అర నిమిషం నేను పళ్లు బిగబట్టుకుని గోడ మీది గడియారం వైపే చూశాను, టైమెంతయిందో మాత్రం కనబడలేదు. ఉంగరం చేతిలో పెట్టి ఆవిడ మళ్లీ అడిగింది, “కదపకుండా ఉంటే ఎంత? కదిపితే ఎంత?” అలా విడగొట్టి అడిగితే అబద్ధం చెప్పడం కష్టం. “నాలుగు, తొమ్మిది” అన్నాను.

ముందుగా చేతికి దూది చుట్టి, బద్ద పెట్టి కట్టి, దిండు మీద ఎత్తుగా ఉంచారు. ఏ మందూ ఎక్కకముందే సగం హాయి అనిపించింది. విరిగిన ఎముక కొసలు కదలడం ఆగితేనే అంత తేడా ఉంటుందని నాకు తెలియదు.

అలర్జీలున్నాయా, కిడ్నీ జబ్బుందా, రక్తం పలచబడే మందులు వాడుతున్నారా అని అడిగారు. నాకు పాత కడుపు అల్సర్ ఉంది. అది చెప్పగానే ఐబుప్రోఫెన్ లాంటివి వద్దనుకుని సెలైన్ సూది పెట్టి పారాసిటమాల్ 1 గ్రాము ఎక్కించారు.

“మందిచ్చేస్తే అసలు దెబ్బెక్కడుందో డాక్టరుగారికి ఎలా తెలుస్తుంది?” అని తమ్ముడు గొణిగాడు. డాక్టరు విని, మనిషి మెలికలు తిరుగుతుంటేనే పరీక్ష చేయడం కష్టమని, ఎముక సంగతి ఎక్స్‌రేలో ఎలాగూ కనబడుతుందని చెప్పారు.

ఎక్స్‌రేకి చెయ్యి పక్కకి తిప్పమన్నప్పుడు కళ్లు చీకట్లు కమ్మాయి. తిరిగొచ్చాక చాలాసేపు ఎవరూ పలకరించలేదు. మందిచ్చాక తగ్గిందో లేదో మళ్లీ వచ్చి అడగాలి కదా, ఆ పని జరగలేదు. చివరికి నేనే పిలిచి “తగ్గలేదు సిస్టర్, ఎనిమిదుంది” అన్నాను. అప్పుడు మార్ఫిన్ అనే గట్టి నొప్పిమందు ఇచ్చారు. ఒక్కసారి కాదు, కొంచెం ఇచ్చి, ఆగి, చూసి, ఇంకొంచెం. ఎడమ వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్ పెట్టారు. “అలవాటైపోతుందా?” అని అడిగితే, దెబ్బకి ఆసుపత్రిలో కనిపెట్టుకుని ఇచ్చే ఒకటి రెండు డోసులకి ఆ భయం పెట్టుకోవద్దన్నారు. నొప్పి పోలేదు గానీ కాస్త దూరం జరిగి కూర్చుంది. వికారం మాత్రం వచ్చింది, దానికీ మందిచ్చారు.

ఎముక సరిచేసే ముందు విరిగిన చోటే మత్తు ఇచ్చారు. సూది దించి సిరంజి వెనక్కి లాగితే ముదురు రక్తం వచ్చింది. “సరిగ్గా చోటు దొరికింది, విరిగిన చోట చేరిన రక్తం ఇది” అంటూ అందులోకే లిగ్నోకైన్ అనే మత్తుమందు ఎక్కించారు. పది నిమిషాలు ఆగి ఇద్దరు చెరోవైపు లాగారు. లోపలేదో జరిగిన చప్పుడు తెలిసింది, నొప్పి మాత్రం తెలియలేదు.

వాపుకి చోటుండాలని చుట్టూ కాకుండా ఒకవైపే పిండికట్టు వేశారు. మాత్రలు నొప్పి ముదిరాక కాదు, చెప్పిన టైముకే వేసుకోమన్నారు. మాత్ర వేసుకున్నా నొప్పి పెరుగుతున్నా, వేళ్లు చాపితే ప్రాణం పోతున్నట్టున్నా, తిమ్మిరెక్కినా, చల్లబడినా తెల్లారేదాకా ఆగకుండా వచ్చేయమన్నారు. ఆ రాత్రి రెండింటికి అలారం పెట్టుకుని లేచి, మాత్ర వేసుకుని, దీపం కింద ఒక్కో వేలూ చాపి చూసుకున్నాను. అయిదూ కదిలాయి.