కాకి ముట్టడానికీ వీసా రావడానికీ మధ్య దేవుడు

దేవుడున్నాడా లేడా అని ఇంట్లో మాట మొదలైతే అన్నాలు చల్లారిపోతాయి గానీ వాదన తెగదు. నాలుగు వేరు వేరు సంగతుల్ని ఒకే ముడి వేసి, తలా ఒక వైపు నుంచి లాగితే ఇంకెలా తెగుతుంది? పైన ఒకడున్నాడన్నది ఒకటి. మొక్కితే పనవుతుందన్నది ఇంకొకటి. చేసుకున్నవాడికి చేసుకున్నంత అన్నది మూడోది. పోయిన మనిషి ఇంకా ఎక్కడో ఉన్నాడన్నది నాలుగోది. ఒకే మనిషి వీటిలో రెండు నమ్మి రెండు వదిలేయొచ్చు. మనలో చాలామంది చేస్తున్నదీ అదే.

ప్యూ రీసెర్చ్ సెంటర్ 2019 చివర్లో మొదలుపెట్టి 2020 మార్చి దాకా దేశంలో దాదాపు 30,000 మందిని ఇలా విడివిడిగా అడిగింది. దేవుణ్ని నమ్ముతామన్నవాళ్లు 97 శాతం. హిందువుల్లో కర్మను నమ్మేవాళ్లు 77 శాతం. పునర్జన్మ దగ్గరికొచ్చేసరికి అది 40 శాతానికి పడిపోయింది. హిందూ శాస్త్రాల ప్రకారం కర్మ నిలబడేదే పునర్జన్మ మీద. ఈ జన్మలో తీరని లెక్క వచ్చే జన్మలో తీరాలి కదా. జనం ఆ పునాది తీసేసి పై అంతస్తులో మాత్రం హాయిగా కాపురం ఉంటున్నారు. ఇంకా తమాషా ఏమిటంటే ముస్లింలలోనూ కర్మను నమ్ముతామన్నవాళ్లు సరిగ్గా 77 శాతమే. వాళ్ల మతగ్రంథంలో ఆ సిద్ధాంతం లేదు. పక్కింటి నుంచి, పక్క దుకాణం నుంచి వచ్చి ఉండాలి. "వాడి పాపం పండింది" అని అందరూ అనే వీధిలో పెరిగితే చాలు, గ్రంథంతో పనిలేదు.

మొక్కు సంగతి చూడాలంటే హైదరాబాద్ దగ్గర చిలుకూరు బాలాజీ గుడిని మించిన చోటు లేదు. గండిపేట చెరువు దాటి మొయినాబాద్ మండలంలో ఉంటుంది. హుండీ లేదు, టికెట్ లేదు. కోరిక చెప్పుకుని 11 ప్రదక్షిణలు చెయ్యాలి. కోరిక తీరాక మళ్లీ వచ్చి 108. లెక్క తప్పకుండా అంకెలు అచ్చేసిన కార్డు ఒకటి పట్టుకుని, చుట్టుకో గడి కొట్టేస్తూ నడుస్తారు. చేతిలో ఆ కార్డున్న మనిషి ఎదురైతే కోరిక తీరి వచ్చాడనే అనుకోవచ్చు.

ఇక్కడ కాస్త నిదానంగా లెక్క వేద్దాం. ఈ స్వామికి వీసా బాలాజీ అని పేరు కాబట్టి అమెరికా ఉద్యోగ వీసా హెచ్-1బి లాటరీనే తీసుకుందాం. అమెరికా 2025 ఆర్థిక సంవత్సరానికి అర్హత ఉన్న రిజిస్ట్రేషన్లు సుమారు 4.7 లక్షలు, ఎంపికైనవి సుమారు 1.35 లక్షలు. అంటే నూటికి 29. వంద మంది చిలుకూరు వచ్చి 11 చొప్పున తిరిగారనుకోండి. స్వామి ఏమీ కలగజేసుకోలేదనీ అనుకోండి. అయినా 29 మంది 108కి తిరిగొస్తారు. మిగతా 71 మందిలో చాలామంది రారు, వచ్చినా ఆ సంగతి పక్కవాడికి చెప్పరు. వంద మంది పదకొండేసి చుట్లు కలిపితే 1,100. ఇరవై తొమ్మిది మంది నూట ఎనిమిదేసి చుట్లు కలిపితే 3,132. గుడి చుట్టూ పడే ప్రతి నాలుగు చుట్లలో దాదాపు మూడు కోరిక తీరినవాళ్లవే! కొత్తగా వచ్చినవాడు ఏ ఆదివారమో ఆ జనంలో నిలబడి చుట్టూ చూస్తే "ఇంతమందికి అయిందా!" అనే అంటాడు. అతని కళ్లు అబద్ధం చెప్పడంలేదు. మొక్కు తీర్చే పద్ధతే అలా కట్టి ఉంది: గెలిచినవాడు ఓడినవాడికి పదింతలు కనిపిస్తాడు.

దీనికి తోడు, మొదటిసారి రానివాడు మొక్కు మానడు. ఆఫీసు మళ్లీ రిజిస్టర్ చేస్తుంది, తనూ మళ్లీ తిరుగుతాడు. ఏటా అదే రేటనుకుంటే మూడేళ్లలో ఒక్కసారైనా తగిలే అవకాశం నూటికి 64. తగిలిన రోజున మొదటి రెండేళ్ల కథ "అప్పుడు టైం బాలేదు" అన్న ఒక్క ముక్కతో ముగిసిపోతుంది.

నిజంగా తేల్చుకోవాలంటే నాలుగు గళ్లు నింపాలి. మొక్కాడు, వచ్చింది. మొక్కాడు, రాలేదు. మొక్కలేదు, వచ్చింది. మొక్కలేదు, రాలేదు. మన చెవిన పడేది మొదటి గడి ఒక్కటే. మూడో గడిలో చిలుకూరు పేరే వినని చైనావాళ్లూ ఫిలిప్పీన్స్‌వాళ్లూ ఎంతమందో ఉన్నారు, వాళ్లకీ అదే లాటరీ. ఈ లెక్క దేవుడు లేడని రుజువు చెయ్యదు, అది గుర్తుంచుకోవాలి. ఆ జనాన్ని చూపించి ఉన్నాడనడం చెల్లదని మాత్రమే చెబుతుంది. హేతువాదులు ఈ రెంటినీ కలిపేసి అనవసరంగా వాదన పాడుచేసుకుంటారు.

నాలుగు గళ్లూ నింపినవాళ్లు లేకపోలేదు. అమెరికాలో ఆరు ఆసుపత్రుల్లో బైపాస్ ఆపరేషన్ చేయించుకున్న 1,802 మందిని మూడు జట్లు చేశారు. ఫలితాలు 2006లో వచ్చాయి. ఆపరేషన్ ముందు రాత్రి మొదలుపెట్టి 14 రోజులు వాళ్లకోసం ముక్కూమొహం తెలియనివాళ్లతో ప్రార్థన చేయించారు. తమకోసం ప్రార్థన జరుగుతోందో లేదో తెలియని రెండు జట్లలో, జరిగినవాళ్లకి 52 శాతం, జరగనివాళ్లకి 51 శాతం మందికి ఏదో ఒక ఇబ్బంది వచ్చింది. తేడా లేనట్టే. మూడో జట్టుకి మాత్రం మీకోసం ప్రార్థన చేస్తున్నామని ముందే చెప్పారు. వాళ్లలో 59 శాతం! "నాకోసం ప్రార్థన చేయించేంత సీరియస్‌గా ఉందా" అన్న బెంగ కారణం కావచ్చని పరిశోధకులే అనుమానించారు. భక్తులు వెంటనే అనేది ఒకటుంది: దేవుణ్ని పరీక్ష పెట్టకూడదు. సరే, ఒప్పుకోవాల్సిన మాటే. కాకపోతే అదే నోటితో మావాడి వీసా స్వామి మహిమ అనడం కుదరదు. పరీక్షకు కూర్చోనివాడికి మార్కులు కూడా వెయ్యకూడదు.

ఇన్ని లెక్కలు చెప్పినా చిలుకూరు దారిలో ఒక్క కారు వెనక్కి తిరగదు. నమ్మకం లెక్క చూసి వచ్చింది కాదు గనక లెక్క చూసి పోదు. మరి ఎలా వచ్చింది? నాకు బాగా నచ్చిన సమాధానం జోసెఫ్ హెన్రిక్ అనే పరిశోధకుడు 2009లో చెప్పింది. మాటకి ఖర్చు లేదు, ఎవరైనా ఏదైనా అనొచ్చు. అందుకని పిల్లలు పెద్దవాళ్ల మాట వినడం కంటే, ఆ మాట కోసం వాళ్లు ఏం భరిస్తున్నారో చూస్తారు. అయ్యప్ప మాల వేసుకున్న మామయ్య 41 రోజులు చెప్పుల్లేకుండా ఆఫీసుకి వెళ్తాడు, తెల్లారకముందే చన్నీళ్లు పోసుకుంటాడు, చాప మీద పడుకుంటాడు, సాయంత్రం పెగ్గు ముట్టడు. పదేళ్ల పిల్లవాడికి వేరే ప్రవచనం అక్కర్లేదు. మే నెలలో రంజాన్ వస్తే మంచినీళ్లయినా ముట్టకుండా బైక్ మీద డెలివరీలు ఇచ్చే అన్నా, ఆషాఢంలో లష్కర్ (సికింద్రాబాద్) వీధుల్లో నెత్తిన బోనం పెట్టుకుని ఉపవాసంతో క్యూలో నిలబడే అత్తా చేసేది ఇదే.

నమ్మకం ఎక్కడ జారిపోతుందో కూడా దీన్నిబట్టే తెలుస్తుంది. సైన్సు పాఠం వల్ల జారిపోయే పిల్లలు తక్కువ. గేటెడ్ కమ్యూనిటీ ఫ్లాట్‌లో టేకు చెక్క పూజగది ఉంటుంది, అందులోకి తుడవడానికి పనమ్మాయి తప్ప ఎవరూ అడుగుపెట్టరు. నోములూ వ్రతాలూ వాట్సాప్‌లో ఫార్వర్డ్ అవుతాయి. అక్కడ పెరిగిన పిల్లలు నాస్తికులు కారు, దేవుడి ఊసే పట్టనివాళ్లవుతారు. ఈ రెండోరకమే ఇప్పుడు ఐటీ కారిడార్‌లో ఎక్కువనిపిస్తుంది. వాళ్లతో వాదించడానికి కూడా ఏమీ ఉండదు.

నాస్తికత్వం పాకిందీ ఇదే దారిన. గోరాగా తెలిసిన గోపరాజు రామచంద్రరావు గారు వాదన గెలిచినందుకు జనం ఆయన వెంట నడవలేదు. నమ్మనని చెప్పినందుకు కాకినాడలో లెక్చరర్ ఉద్యోగం పోగొట్టుకున్నారు. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి, కులం పట్టింపు లేకుండా తిన్నారు, కూతురి పెళ్లి దళిత యువకుడితో చేశారు. ఆయన భార్య సరస్వతి గారు గర్భిణిగా ఉండి గ్రహణం చూశారు. గ్రహణం మొర్రి గురించి వంద ఉపన్యాసాలు చెయ్యలేని పని అది. నాస్తికులకి తెలివెక్కువ కాబట్టి నమ్మరు అనే మాట మాత్రం వదిలెయ్యడం మంచిది. ఆలోచనలో మునిగిన మనిషి శిల్పం బొమ్మ చూపిస్తే దైవ నమ్మకం తగ్గిందని 2012లో సైన్స్ పత్రికలో ఒక ప్రయోగం వచ్చింది. తర్వాత ఎక్కువమందితో మళ్లీ చేస్తే ఆ ఫలితం రాలేదు.

ఇక నాలుగోది, పోయినవాళ్ల సంగతి. దీనికి మతం కూడా పెద్దగా అక్కర్లేదు. 2004లో బెరింగ్, బ్యోర్క్‌లండ్ అనే ఇద్దరు పరిశోధకులు పిల్లలకి తోలుబొమ్మల్లాంటి ఆట ఒకటి చూపించారు: చిట్టెలుకని మొసలి తినేస్తుంది. ఎలుకకి ఇంకా నీళ్లు కావాలా అని అడిగితే ఎక్కువమంది వద్దన్నారు. వాళ్లమ్మంటే దానికి ఇంకా ఇష్టమేనా అంటే చాలామంది అవుననే అన్నారు. ఒళ్లు ఆగిపోవడం ఊహించగలం, మనసు ఆగిపోవడం ఎలా ఉంటుందో లోపలి నుంచి ఊహించలేం. మడగాస్కర్‌లో వెజో జాతివాళ్ల మీద 2008లో వచ్చిన అధ్యయనం ఇంకో మెలిక చూపించింది. శవం కథ చెప్పి అడిగితే అంతా అయిపోయిందన్నారు, సమాధి దగ్గర జరిపే కర్మ కథ చెప్పి అడిగితే పెద్దాయనకి అన్నీ తెలుస్తున్నాయన్నవాళ్లు పెరిగారు. మనదీ అదే వరస. గాంధీ ఆసుపత్రి మార్చురీ ముందు "బాడీ ఎప్పుడిస్తారు" అని అడిగిన కొడుకే, పదకొండో రోజు విస్తరి ముందు చేతులు కట్టుకుని "నాయినా, వచ్చి తిని పో" అంటాడు. రెండూ మనస్ఫూర్తిగానే అంటాడు.

పోయినవాళ్ల పేరున కాకికి పెట్టే పిట్టకు పెట్టుడు చూడండి. మూడో రోజు, అయిదో రోజు, పదకొండో రోజు. పోయినాయనకి ఇష్టమైన కూర, మాంసం, కల్లు, బీడీ దాకా పెట్టి అందరూ ఎదురుచూస్తారు. కాకి ముట్టదు. గొణుగుడు మొదలవుతుంది. ఏం కోరిక మిగిలిందో? పాలోళ్లతో మాట పట్టింపా? చివరికి ఎవరో ముందుకొచ్చి "చిన్నదాని పెండ్లి మేం జేస్తం కాకా, నువ్వు నిమ్మళంగా పో" అని దండం పెట్టి అందర్నీ వెనక్కి జరగమంటారు. కాకి వాలుతుంది.

వాలడానికి కారణం ఆ చివరి పనిలో ఉంది. కాకి మనిషి చూపుని కనిపెడుతుంది. కొత్త వస్తువు దగ్గరికి తొందరగా రాదు. ముప్ఫై మంది గుడ్లప్పగించి చూస్తూ, నలుగురు ఫోన్లు ఎత్తి వీడియో తీస్తూ, తళతళలాడే కొత్త స్టీలు పళ్లెం పెడితే ఎందుకొస్తుంది? ఆలస్యమై ఎండెక్కితే కాకులు నీడ పట్టుకుంటాయి. పొద్దున్నే, ఆకులో పెట్టి, కాకులు రోజూ తిరిగే చోట, దూరంగా జరిగి అటు తిరిగి నిలబడితే చాలాసార్లు పది నిమిషాల్లో పని అయిపోతుంది. నిజం చెప్పాలంటే అంత తొందరగా అవ్వడం నాకిష్టం లేదు. కాకి ఆలస్యం చేసినందువల్లే ఆ చిన్నదాని పెళ్లి బాధ్యత పదిమంది ముందు ఒకరి నెత్తిన పడింది. ఈ ఆచారం ఇన్నాళ్లు బతికింది అందుకే అని నా అభిప్రాయం.

పరలోక నమ్మకం నిజంగా అడ్డం తిరిగేది కళ్లు, దేహం దానం దగ్గర. సీతారాం ఏచూరి 2024 సెప్టెంబర్‌లో పోతే ఆయన దేహాన్ని కుటుంబం ఢిల్లీ ఎయిమ్స్‌కి ఇచ్చింది. మామూలు ఇళ్లలో అంత సులువుగా జరగదు. బతికుండగా సంతకం చేసిన కార్డు పర్సులోనే ఉంటుంది, పోయాక వారసులు ఒప్పుకోకపోతే పని ముందుకు కదలదు. ఇంట్లో ఓ పెద్దావిడ "వచ్చే జన్మలో గుడ్డివాడై పుడతాడ్రా" అంటుంది, అక్కడితో ఆగిపోతుంది.

ఆవిడకి సైన్సు చెప్పి లాభం లేదు, ఆవిడ దారిలోనే చెప్పాలి. కళ్లతో సహా కట్టెల మీద పెట్టి కాల్చేదే మన పద్ధతి కదమ్మా, బూడిదకి కళ్లుంటాయా? దహనం వేళ చదివే ఋగ్వేద మంత్రమే నీ కన్ను సూర్యుణ్ని చేరుగాక, నీ ఊపిరి గాలిని చేరుగాక అంటుంది. తిన్నడు రెండు కళ్లూ ఇవ్వబోయి కన్నప్పయ్యాడు, శ్రీకాళహస్తిలో ఆయనకీ పూజలున్నాయి. ఈ మూడింటిలో ఏదో ఒకటి పనిచేస్తుంది, ఎక్కువగా మూడోదే.

పని మాత్రం ఆరు గంటల్లోపు కావాలి. ఫ్యాన్ ఆపేసి, ఏసీ ఉంటే వెయ్యండి. రెప్పలు మూసి మీద తడి దూది పెట్టండి, తల కింద దిండు పెట్టి కాస్త ఎత్తు చెయ్యండి. బంజారాహిల్స్ ఎల్.వి. ప్రసాద్ ఐ బ్యాంకుకో, దగ్గర్లోని మరో ఐ బ్యాంకుకో ఫోన్ చేస్తే వాళ్లే ఇంటికొస్తారు, అరగంటలోపు అయిపోతుంది, ముఖం చెడదు. డాక్టరిచ్చిన మరణ ధ్రువపత్రం చేతిలో ఉంచుకోండి. షుగరున్నా, శుక్లాల ఆపరేషన్ అయినా ఇవ్వొచ్చు. రేబిస్, హెచ్‌ఐవీ, హెపటైటిస్ ఉంటే తీసుకోరు. మొత్తం దేహం ఇవ్వాలంటే ఉస్మానియా, గాంధీ మెడికల్ కాలేజీల అనాటమీ విభాగాలతో ముందే మాట్లాడి పెట్టుకోవాలి, పోస్ట్‌మార్టం అయిన దేహం వాళ్లకి పనికిరాదు. కళ్లు మాత్రమే ఇస్తే దహనం ఎప్పటిలాగే, మూడో రోజు పిట్టకు పెట్టుడూ ఎప్పటిలాగే.