పాత కంప్యూటర్‌లో అక్క పెండ్లి పత్రిక

మూడేళ్ల కిందట నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర పాత సామాన్ల దుకాణంలో ఒక 486 కంప్యూటర్‌ను తూకానికి పెడుతుంటే ఆపించి, ఇంటికి తెచ్చుకున్నాను. క్యాబినెట్ మీద అతికించిన వినాయకుడి బొమ్మను బట్టి, అది మా అక్క పెండ్లి పత్రిక తయారైన డీటీపీ సెంటర్‌దేనని గుర్తుపట్టాను.

ఇంటెల్ 486 ప్రాసెసర్ 1989లో వచ్చింది. ఆ తరం మదర్‌బోర్డుల్లో, అంటే ప్రధాన సర్క్యూట్ పలకల్లో, చాలావాటికి పీపా ఆకారపు నికెల్ కాడ్మియం బ్యాటరీ ఉంటుంది. మూలన పడి ఉన్నా అది క్రమంగా క్షార ద్రవాన్ని కార్చి, వెంట్రుకంత సన్నని రాగి గీతలను తినేస్తుంది కాబట్టి, పాత కంప్యూటర్ దొరికినప్పుడు స్విచ్ వేయకముందే మూత విప్పి చూడాలి. నేను విప్పేసరికి బ్యాటరీ చుట్టూ పచ్చని తుప్పు పేరుకొని ఉంది. దాన్ని తీసేసి, ఆ భాగాన్ని వెనిగర్‌తో తుడిచి, డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి ఆరబెట్టి, తెగిన రెండు గీతలకు సన్నని తీగ అతికించాను. పసుపు పచ్చబడ్డ క్యాబినెట్‌ను మాత్రం తెల్లబరచలేదు. ఆ రంగు దాని వయసుకు తగినదే.

బ్యాటరీ లేనందున హార్డ్ డిస్కు వివరాలు బయోస్‌కు, అంటే స్విచ్ వేయగానే మొదట నడిచే ప్రోగ్రామ్‌కు, గుర్తుండవు. డిస్కు మీది లేబుల్ చూసి, దాని అమరికను తెలిపే సిలిండర్లు, హెడ్లు, సెక్టార్ల అంకెలను ప్రతిసారీ చేత్తో నింపాలి. మొదటిసారి అవి నింపాక విండోస్ 3.1 తెరుచుకుంది, అందులో పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్, దానితోపాటు తెలుగు ఫాంట్లు చెక్కుచెదరకుండా ఉన్నాయి.

నాకు అన్నిటికన్నా విలువైనవి ఆ ఫాంట్లే. అక్షరాలకు అన్ని కంప్యూటర్లలో ఒకే సంఖ్యలిచ్చే ప్రమాణం యూనికోడ్. 1991లో వెలువడిన దాని మొదటి వెర్షన్‌లోనే తెలుగు ఉన్నా, డీటీపీ ఫాంట్లు చాలా ఏళ్లపాటు అక్షరాలను, వాటి ముక్కలను ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తమకు తోచిన వరుసలో అమర్చుకున్నాయి. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో అదే ఫైలును తెరిస్తే 'చిరంజీవి' అన్న మాట కూడా అర్థంలేని గుర్తుల గుంపుగా కనిపిస్తుంది. అందుకే, ఎంత మెరిసే యంత్రమైనా డిస్కును చెరిపేసి అల్మారాలో నిలబెడితే దాన్ని నేను సేకరణ అనను.

అక్క పత్రిక దొరికిన సాయంత్రమే తనకు ఫోన్ చేసి చదివి వినిపించాను. ముహూర్తం దగ్గరికి వచ్చేసరికి, నాకంటే ముందుగా తనే గంటా నిమిషాలతో సహా చెప్పింది.